పరాయి ఇంజన్

శవం ఇంజన్ మెట్ల కింద ఉంది.

వెల్లకిలా. ఒక చెయ్యి పట్టా మీద. టోపీ లేదు. తల కింద మంచు ఎర్రబడింది. ఆ ఎరుపు మీద మళ్ళీ మంచు కురిసి సగం కప్పేసింది.

చనిపోయినవాడు విల్ఫ్ టల్లీ. స్కారో డిపో డ్రైవరు. స్కారో స్టేషన్ ఇంకో అరమైలు ఉందనగా, హోమ్ సిగ్నల్ దగ్గర అతని ప్యాసింజర్ రైలు ఆగింది. ముందు పట్టాలు మార్చే పాయింట్లు మంచుకి బిగుసుకుపోయాయి. సిగ్నల్ ఎర్రగానే ఉండిపోయింది. అది పచ్చబడే సరికి రైలు నడిపేవాడు లేడు.

ఇన్‌స్పెక్టర్ రెన్‌విక్ ఇదంతా ఫోటోల్లో చూశాడు. మర్నాడు పొద్దున. స్కారో స్టేషన్ పార్శిల్ ఆఫీసులో.

రెన్‌విక్ రైల్వే పోలీసు. గంట క్రితం పంటి డాక్టరు కుర్చీలో ఉన్నాడు. సూది వేశారు. పన్ను పీకే లోపు ఫోన్ వచ్చింది. పన్ను అలాగే ఉంది. ఎడమ దవడ మాత్రం చచ్చుబడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఏడాది ఆ మనిషిలో చచ్చుబడింది దవడ ఒక్కటే కాదు. డిసెంబర్ నుంచి ఇది నాలుగో రైలు పట్టాల శవం. చూస్తే ఏమీ అనిపించడం మానేసింది.

“కేసు తేలిపోయింది సార్,” అన్నాడు సార్జెంట్ ప్రింగిల్. ఊరి పోలీసు. రైళ్ళ గురించి అతనికి తెలిసిందల్లా ఎక్కడం, దిగడం.

“అప్పుడే?”

“గార్డు ఏమోస్ రేన్. గ్లౌజుల నిండా రక్తం. పోయినాయన ఇతనికి స్వయానా బావ. అక్క మొగుడు. ఆరేళ్ళుగా మాటల్లేవు, ఊరంతా ఎరుగుదురు. ఇద్దరూ అరుచుకోవడం సెకండ్ మ్యాన్ చెవులారా విన్నాడు. ఇంకేం కావాలి సార్?”

“టీ కావాలి,” అన్నాడు రెన్‌విక్.

టీ వచ్చింది. సగం నోట్లోకి పోయింది. సగం గడ్డం మీదుగా కోటు మీదికి కారింది. ప్రింగిల్ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు.

ఏమోస్ రేన్‌ని తీసుకొచ్చారు. బట్టతల. వెడల్పాటి భుజాలు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు తనవి కానట్టు వాటినే చూస్తున్నాడు.

“రైలు ఎప్పుడు ఆగింది?”

“మూడున్నర దాటాక.”

“నువ్వు ఎప్పుడు దిగావు?”

“నాలుగు అయుంటుంది.”

“అంతసేపు ఏం చేశావు?”

“రైలు చివర నా గార్డు వ్యాన్లో కూర్చున్నా.”

“రైలు అంతసేపు ఆగితే ముందుకెళ్ళి కనుక్కోవాలిగా?”

“వెళ్ళాలి.”

“మరి?”

“ఇంజన్ మీద ఉన్నది ఆయన.” ఏమోస్ తల ఎత్తలేదు. “ఆయన కబురు పెడితే వెళ్దామని కూర్చున్నా. పెట్టలా. ఇక తప్పదని దిగి వెళ్ళా. కింద పడున్నాడు. లేపి కూర్చోబెట్టబోయా. అప్పటికే… గ్లౌజులకి రక్తం అప్పుడే అంటింది సార్. అక్కణ్ణుంచి సిగ్నల్ స్తంభం ఫోన్ దగ్గరికి పరిగెత్తా.”

“మాటల్లేకుండా ఇద్దరూ ఒకే రైలు ఎలా నడిపారయ్యా ఆరేళ్ళు?”

“ఎన్ని పెట్టెలో, ఎంత బరువో పోర్టర్ చేత చెప్పించేవాణ్ణి. ఆయన సరేనని పోర్టర్‌తోనే చెప్పేవాడు.”

“ఇంతకీ గొడవ దేనికి?”

“ఉల్లికాడలకి.”

ప్రింగిల్ దగ్గాడు. నవ్వు కాదు. ఆ ఊళ్ళలో అది నవ్వే సంగతి కాదు. సెప్టెంబరు వచ్చిందంటే క్లబ్బులో ఉల్లికాడల పోటీ. మనిషి చెయ్యంత లావున పెంచుతారు. రాత్రుళ్ళు కాపలా పడుకుంటారు. పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోతారు గానీ ఎరువు వెయ్యడం మర్చిపోరు. ఆరేళ్ళ క్రితం పోటీకి ముందు రోజు ఎవరో విల్ఫ్ ఉల్లికాడల్ని కత్తితో అడ్డంగా కోసేశారు. ఆ ఏడాది మొదటి బహుమతి ఏమోస్‌కి వచ్చింది. చాలదూ!

“కోసింది నువ్వేనా?”

“కాదు సార్.”

“ఆ మాట ఆయనతో అన్నావా?”

“అన్లా. నన్నే అనుమానిస్తాడా అని ఒళ్ళు మండింది. ఆయనే వచ్చి అడగాలనుకున్నా. ఆయన అడగలా.”

రెన్‌విక్ దవడ రుద్దుకున్నాడు. చెక్క ముక్కని రుద్దినట్టే ఉంది.

“ఇంకేమైనా గుర్తుందా? చిన్నదైనా సరే.”

“చలి సార్. హాక్స్‌లీ జంక్షన్ దాకా పెట్టెలు వెచ్చగానే ఉన్నాయి. అక్కడ కాసేపు ఆగాం. బయల్దేరాక నా వ్యాన్లో ఆవిరి గేజి ముల్లు సున్నా మీద పడుకుంది. మళ్ళీ లేవలా. ప్రయాణికులు నన్ను తిట్టిపోశారు.”

“హాక్స్‌లీలో ఎందుకు ఆగారు?”

“ముందు ఇంజన్ దగ్గర ఏదో చేస్తున్నారు. నేను తొంగి చూళ్ళేదు.”

“మీ బావ ఉన్నాడని?”

ఏమోస్ మళ్ళీ తన చేతులు చూసుకున్నాడు.

తర్వాత కోలిన్ బ్యూయిక్. సెకండ్ మ్యాన్. అంటే డ్రైవరు పక్కన కూర్చునేవాడు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇతనికి బొగ్గు తోసే పని ఉండేది. డీజిల్ వచ్చాక పనే లేదు. చలికాలం పెట్టెలకి వేడి ఆవిరి పంపే చిన్న బాయిలర్‌ని కనిపెట్టుకుని ఉండాలి. సిగ్నల్ దగ్గర రైలు ఆగిపోతే దిగి, స్తంభానికున్న ఫోన్లో సిగ్నల్ మనిషికి చెప్పాలి. అంతే.

కోలిన్‌కి పాతికేళ్ళు దాటి ఉంటాయి. నూనె పెట్టి దువ్విన జుట్టు. చూపు ఒక చోట నిలవడం లేదు.

“సిగ్నల్ దగ్గర ఆగితే దిగాల్సింది ఎవరు?”

“నేనే సార్.”

“మరి విల్ఫ్ ఎందుకు దిగాడు?”

“హాక్స్‌లీ దాటాక బాయిలర్ ఆరిపోయింది సార్. నేను ఇంజన్ గదిలో దానితో కుస్తీ పడుతున్నా. ‘నువ్వు దాని సంగతి చూడరా, నేను దిగుతాలే’ అన్నాడు.”

“తర్వాత?”

“అరుపులు వినిపించాయి. ఒకటి ఏమోస్ గొంతు.”

“ఇంజన్ ఆపేశారా?”

“లేదు సార్, నడుస్తూనే ఉంది.”

“ఇంజన్ గదిలో ఉండి, ఆ మోతలో, బయట అరుపులు విన్నావు.”

“తలుపు తీసే ఉంది సార్.”

“బాయిలర్ ఎన్నిసార్లు వెలిగించావు?”

“మూడు నాలుగు సార్లు. వెలుగుతుంది, ఆరిపోతుంది. మొండి ఘటం సార్ అది. మా డిపోలో అందరికీ తెలుసు.”

“సరే. వెళ్ళు.”

కోలిన్ వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర ఒకావిడ పక్కకి జరిగి అతనికి దారిచ్చింది. ఐవీ టల్లీ. పోయినాయన భార్య. ఏమోస్‌కి అక్క.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“నాకు ఏడుపు రావడం లేదండీ,” అంది. “నిన్నట్నుంచీ చూస్తున్నా. రావడం లేదు. పొద్దున లేచి రెండు కప్పుల టీ పెట్టా. ఒకటి తాగా. రెండోది అలా చూస్తూ కూర్చున్నా.”

“అలాగే ఉంటుందమ్మా కొన్నాళ్ళు.”

“మా తమ్ముడే చేశాడా?”

“ఇంకా తెలీదు.”

“శుక్రవారం ఖననం. ఆ రోజు వాడు నా పక్కన నిలబడతాడా, లాకప్‌లో ఉంటాడా నాకు తెలియాలి. మాకు పిల్లల్లేరు. ఇక నాకంటూ ఉన్నది వాడొక్కడే. వాడే చేసుంటే వాడూ లేనట్టే.” చేతిసంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు. అసహ్యంగా ఉంది. మీరు మాత్రం నన్ను ఓదార్చొద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి.”

“చెబుతాను.”

“మాటేనా?”

“మాటే.”

ఆవిడ వెళ్ళాక రెన్‌విక్ మళ్ళీ ఫోటోలు ముందేసుకున్నాడు. సూది మందు దిగిపోతోంది. పన్ను సలపడం మొదలెట్టింది. ఒక రకంగా నయమే, చూపు కాస్త నిలిచింది.

అందరూ ఆ ఫోటోలో శవాన్నే చూశారు. శవం వెనక ఏముంది? ఇంజన్‌కీ మొదటి పెట్టెకీ మధ్య సందు. సందులో గొట్టాలు. ఒకటి బ్రేకుది. తగిలించే ఉంది. రెండోది పెట్టెలకి ఆవిరి వెళ్ళే గొట్టం.

అది తగిలించి లేదు. పెట్టె చివర గొలుసుకి పైకి కట్టేసి ఉంది. నీటుగా. పని తెలిసినవాడు కట్టినట్టు.

“ప్రింగిల్! ఈ ఇంజన్ ఇప్పుడు ఎక్కడుంది?”

“నిన్ననే తీసుకెళ్ళిపోయారు సార్. హాక్స్‌లీ నుంచి మనుషులొచ్చి. ఫోర్‌మన్ స్టోబర్ట్ గారు పంపించారు. చాలా సాయం చేశాడు పాపం.”

“దాని నెంబరు చూశావా?”

“మంచు కొట్టుకుపోయి ఉంది సార్. అయినా ఇంజన్ ఇంజనే కదా?”

రెన్‌విక్ టోపీ తీసుకుని హాక్స్‌లీ బస్సెక్కాడు.

హాక్స్‌లీ డిపో ఫోర్‌మన్ స్టోబర్ట్ లావుపాటి మనిషి. పొయ్యికి వీపు పెట్టి నిలబడి బేకన్ శాండ్‌విచ్ తింటున్నాడు. పోలీసుని చూడగానే నమలడం ఆపాడు.

“నిన్న విల్ఫ్ టల్లీ రైలుకి ఇక్కడ ఇంజన్ మార్చారు,” అన్నాడు రెన్‌విక్. అడగలేదు. చెప్పాడు.

“ఎవరన్నారండీ?”

“ఆవిరి గొట్టం అంది. ఇంజన్ మార్చేటప్పుడు, పెట్టెలు తగిలించే మీ షంటర్ దాన్ని విప్పి గొలుసుకి కట్టాడు. మళ్ళీ తగిలించలేదు. ఎందుకు తగిలించలేదు?”

స్టోబర్ట్ శాండ్‌విచ్ కింద పెట్టాడు.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది కంట్రోల్ ఆఫీసు దాకా వెళ్తుందా?”

“మీరు నోరు విప్పకపోతే కోర్టు దాకా వెళ్తుంది.”

“అబ్బబ్బ! ఏం చెప్పమంటారు… స్కారో వాళ్ళ ఇంజన్ నీళ్ళు కారుతూ వచ్చింది. ఇంకో పది మైళ్ళు కూడా పోయేట్టు లేదు. నా దగ్గర మాది ఒక్కటీ ఖాళీగా లేదు. ఉన్నదల్లా ఒక పరాయి ఇంజన్. కార్డిఫ్‌ది. వెస్టర్న్ రీజియన్. ఉక్కు బండి లాక్కుని పొరపాటున ఇంత దూరం వచ్చేసింది. వెంటనే తిప్పి పంపమని ఆర్డరు.”

“మీరు పంపలేదు.”

“ఎవడు పంపుతాడండీ? ఒకటి రెండు రోజులు దాచుకుని వాడుకోందే ఎవడూ పంపడు. మావి వాళ్ళు వాడుకోవడం లేదూ? పోయిన నెల మా ఇంజన్ ఒకటి లండన్ వెళ్ళి వారం దాకా ఇంటి మొహం చూళ్ళేదు. ఏమైనా అంటే ‘మాకు కనబళ్ళా’ అంటారు.” స్టోబర్ట్ గొంతు తగ్గించాడు. “మనిషి చచ్చాడనగానే నాకు గుండె జారిపోయింది. అదే సాయంత్రం దాన్ని వేల్స్ దారి పట్టించేశా.”

“రెండూ ఒకే రకం ఇంజన్లా?”

“ఒకటే. టైప్ త్రీ. అదే ముక్కు, అదే ఆకుపచ్చ రంగు. అది ఏ డిపోదో పట్టి మారేది లోపల సరుకే. మావి ప్యాసింజర్ బళ్ళకి వెళ్తాయి, బాయిలర్ ఉంటుంది. వాళ్ళవి బొగ్గు లాగుతాయి. బొగ్గుకి చలేస్తుందా? దానికి బాయిలరే లేదు.”

రెన్‌విక్ పొయ్యి దగ్గరికి జరిగాడు. చేతులు చాచాడు. వేళ్ళకి వేడి తగులుతున్నట్టే లేదు.

“ఇంజన్ మార్చేటప్పుడు కోలిన్ బ్యూయిక్ ఎక్కడున్నాడు?”

“కనబళ్ళా. విల్ఫ్‌ని అడిగా. ‘దొడ్డికి పోయాడు, వస్తాడ్లే’ అన్నాడు.”

“మీరు రేపు పొద్దున స్కారో రావాలి.”

“తప్పదా?”

“తప్పదు.”

మర్నాడు స్కారో డిపో విశ్రాంతి గది. బెంచీలు. పొయ్యి మీద కెటిల్. గోడకి ఎవరిదో ఓవరాల్. కోలిన్ బల్ల దగ్గర కూర్చున్నాడు. స్టోబర్ట్ మూలన. ఐవీ కిటికీ దగ్గర నిలబడింది, నల్ల కోటులో. ప్రింగిల్ ఏమోస్‌ని తీసుకొచ్చి తలుపు పక్కన కూర్చోబెట్టాడు. అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకోలేదు.

“కోలిన్,” అన్నాడు రెన్‌విక్. “బాయిలర్ ఎక్కడుంటుందో ఇంకోసారి చెప్పు. వీళ్ళందరూ వింటారు.”

“డ్రైవరు కూర్చునే కేబ్ వెనక తలుపు తీస్తే… ఎదురుగా సార్.”

“విల్ఫ్ దిగినప్పుడు నువ్వు దాని ముందే ఉన్నావు.”

“మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నా సార్. బర్నర్ వెలిగిస్తూ.”

“స్టోబర్ట్ గారూ. ఆ ఇంజన్లో ఆ తలుపు తీస్తే ఏముంటుంది?”

స్టోబర్ట్ కోలిన్ వైపు చూశాడు. జాలిగానే చూశాడు.

“ఏమీ ఉండదు. ఖాళీ. అది కార్డిఫ్ ఇంజన్ రా అబ్బాయ్. హాక్స్‌లీలో మార్చాం. దానికి బాయిలర్ లేదు.”

కోలిన్ బల్ల మీద నుంచి చేతులు తీసేశాడు.

“మామూలుగా అబద్ధం ఆడేవాడు తనకి తెలిసినదాన్ని దాస్తాడు,” అన్నాడు రెన్‌విక్. “నువ్వు నీకు తెలియనిదాన్ని చెప్పావు. ఇంజన్ మారిందని నీకు తెలియదు. ఎందుకంటే మార్చే లోపే నువ్వు దిగిపోయావు. విల్ఫ్ చనిపోయినప్పుడు నువ్వు ఇంజన్ గదిలో లేవు. అసలు ఆ రైల్లోనే లేవు. ఎక్కడున్నావు?”

“హాక్స్‌లీలో.”

“ఏం పని?”

“కుక్కల పందెం సార్. నా కుక్క పరిగెత్తాల్సి ఉంది.” కోలిన్ బల్ల అంచు పట్టుకున్నాడు. “అందరం చేస్తాం సార్ అలా. ప్యాసింజర్ బండి, చివరి పది మైళ్ళు, ఏముంది అందులో? పందెం అయ్యాక బస్సులో వచ్చి డ్యూటీ దిగుదామనుకున్నా. బస్సు వంతెన ఎక్కాక చూస్తే కింద పట్టాల దగ్గర జనం. జారుకుంటూ కిందికొచ్చా. అదే రకం ఇంజన్. నెంబరు మీద మంచు. నేను దిగి వెళ్ళిందే అనుకున్నా. పెట్టెలు చల్లబడ్డాయని ప్రయాణికులు గోల చేస్తుంటే, బాయిలర్ ఆరిపోయుంటుందనుకున్నా. ఇంజన్ వదిలి వెళ్ళానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది సార్. మూడేళ్ళలో డ్రైవర్‌ని అవుతా…”

“ఏమోస్ గొంతు ఎలా విన్నావు?”

“సార్జెంట్ గారే అడిగారు. గార్డు అరుపులేమైనా వినబడ్డాయా అని. ఔనన్నా. అంతే సార్. ఒక్క మాట.”

ప్రింగిల్ తన బూట్లు చూసుకున్నాడు.

ఐవీ కిటికీ దగ్గర్నుంచి కదిలింది. కోలిన్ ముందుకొచ్చి నిలబడింది.

“విల్ఫ్‌కి చెప్పే వెళ్ళావా?”

“ఆయనే పొమ్మన్నాడమ్మా. ‘పోరా, పోయి గెలిపించుకుని రా, నేను చూసుకుంటాలే’ అన్నాడు.”

“గెలిచిందా?”

“మంచుకి పందెం ఆపేశారమ్మా.”

ఆవిడ తలూపింది.

“విల్ఫ్‌ని ఎవరూ తొయ్యలేదు,” అన్నాడు రెన్‌విక్. “పక్కన మనిషి లేడు కాబట్టి ఫోన్ కోసం తనే దిగాడు. మెట్ల మీద మంచు గడ్డకట్టింది. కాలు జారింది. తల పట్టాకి తగిలింది. ఏమోస్ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఏమోస్ రేన్ మీద కేసు లేదు.”

ఏమోస్ ఒక్కసారి పైకి లేచాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఆ మొహంలో ప్రాణం కనిపించింది.

“అక్కా! విన్నావా? నేను కాదు. ఉల్లికాడలూ నేను కాదు, ఇదీ నేను కాదు. నీ మీద ఒట్టు!”

ఐవీ అతని దగ్గరికొచ్చింది. చెయ్యి పట్టుకుంది. రెండు చేతులతో.

“పడగానే పోయాడు కదా సార్?” అన్నాడు ఏమోస్. ఊరికే అన్నాడు. ఊపిరి పీల్చుకుంటూ, మాటవరసకి. “బాధ తెలిసి ఉండదు కదా?”

రెన్‌విక్ పొయ్యి వైపు చూశాడు. పొయ్యి మీద కెటిల్ కూత మొదలెట్టింది. ఎవరూ దించలేదు.

“చెప్పండి,” అంది ఐవీ. “మాటిచ్చారు.”

రెన్‌విక్‌కి ఆ క్షణం అబద్ధం ఆడాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. అంత గట్టిగా ఏదైనా అనిపించి చాలా నెలలైంది.

“లేదమ్మా,” అన్నాడు. “శవాన్ని పరీక్షించిన పోలీసు డాక్టరు చెప్పాడు. దెబ్బ పెద్దదేం కాదు. స్పృహ తప్పింది. నెత్తి మీద నరం తెగి రక్తం పోయింది, పైగా చలి. ఇరవై నిమిషాలు బతికే ఉన్నాడు. ఎక్కువే కావచ్చు. ఎవరైనా వచ్చి గుడ్డ గట్టిగా కట్టి ఉంటే బతికేవాడు.”

ఏమోస్ పెదాలు కదిలాయి. లెక్క వేసుకుంటున్నాడు. అతను లెక్క వేయడం అందరికీ కనిపిస్తూనే ఉంది. లెక్క పూర్తయ్యాక బెంచీ మీద కూలబడ్డాడు.

ఐవీ అతని చెయ్యి వదిలేసింది. విసిరికొట్టలేదు. మెల్లిగా అతని మోకాలి మీద పెట్టి వదిలేసింది.

“ఆరు పెట్టెల అవతల ఉన్నావు,” అంది.

“అక్కా…”

“నువ్వే తోసుంటే నయమేరా. తిట్టుకోవడానికైనా ఉండేది.” గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. “ఇప్పుడు నిన్ను ఏమనాలో కూడా నాకు తెలీడం లేదు. శుక్రవారం పదకొండింటికి చర్చి. రావాలనిపిస్తే రా.”

కోటు గుండీలు పెట్టుకుంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ప్రింగిల్ కోలిన్‌ని లేపి తీసుకెళ్ళాడు. స్టోబర్ట్ కెటిల్ దించి, టీ పెట్టకుండానే జారుకున్నాడు.

ఇద్దరే మిగిలారు.

“నువ్వు ఇక ఇంటికి వెళ్ళొచ్చు ఏమోస్.”

ఏమోస్ లేవలేదు.

“నన్ను లోపల పెట్టండి సార్.”

“ఏ నేరం కింద?”

“ఏదో ఒకటి రాసుకోండి.”

“రాయడానికి చట్టంలో ఏమీ లేదయ్యా.”

“వెతకండి సార్,” అన్నాడు ఏమోస్. “ఏదో ఒకటి ఉంటుంది.”

రెన్‌విక్ అతని పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. వెతకడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.